అప్‌డేట్: మోకాళ్ళ నొప్పులున్న అమ్మతో ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్‌లో నడక

కంచెల మీదుగా ఎక్కి దిగే స్టైల్ మెట్లు లేని దారి ఏదైనా ఉందా అని ఇక్కడ అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. బోర్టన్-ఆన్-ది-వాటర్ అనే ఊరి నుంచి లోయర్ స్లాటర్ అనే ఊరికి నడిచి వెళ్ళమన్న సలహానే పనికొచ్చింది. సుమారు మైలున్నర, దాదాపు అంతా చదునే, స్టైల్స్ తగల్లేదు, గేట్లు మాత్రమే ఉన్నాయి, అమ్మ వాటిని తోసుకుని తనే వెళ్ళిపోయింది. లోయర్ స్లాటర్‌లో ఐ (Eye) అనే నది ఊరి మధ్యలోంచే పారుతుంది, నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయి, ఎర్ర ఇటుకల పొగగొట్టం ఉన్న పాత మిల్లు దగ్గర అమ్మ చాలాసేపు నిలబడిపోయింది. హైకింగ్ బూట్లు అవసరం పడలేదు, వాన లేదు కాబట్టి మామూలు స్పోర్ట్స్ షూస్ సరిపోయాయి. దారికి పసుపు బాణం గుర్తులు చూసుకుంటే చాలు. అప్పర్ స్లాటర్ అనే తర్వాతి ఊరు మాత్రం అక్కణ్ణుంచి ఇంకో మైలు, పొలాల గుండా, దానికి మేం వెళ్ళలేదు.