బైక్ మీద వేసుకునే తోలు వెస్ట్ (చేతుల్లేని కోటు) వెనక ‘టెక్సాస్’ పట్టీ ఉంచుకోవచ్చా, తీసేయాలా?

హిల్‌కంట్రీ_గిత్త:
అందరికీ నమస్కారం. డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లం పద్నాలుగు మందిమి మూడేళ్లుగా కలిసి బండ్లు నడుపుతున్నాం. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చి అందరం తోలు వెస్టులు తెప్పించుకున్నాం. వీపు మీద పైన వంపుగా గ్రూపు పేరు, మధ్యలో ఒంగోలు గిత్త బొమ్మ, కింద ఇంకో వంపు పట్టీలో ‘టెక్సాస్’. మొన్న శనివారం ట్విస్టెడ్ సిస్టర్స్ అనే మలుపుల కొండ రోడ్ల వైపు పోతూ గ్యాస్ కోసం ఆగాం. పక్క పంపు దగ్గర తెల్లగడ్డం పెద్దాయన ఒకరు కాసేపు మమ్మల్నే చూసి, మెల్లగా నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. “ఈ కింది ముక్క ఎవర్ని అడిగి పెట్టుకున్నారు?” అన్నాడు. వెబ్‌సైట్‌లో కొన్నాం అని చెప్పా. ఆయన నవ్వలేదు. “ఇంటికెళ్లేదాకా వీటిని మడిచి బ్యాగుల్లో పెట్టుకోండి” అని చెప్పి వెళ్లిపోయాడు. బెదిరించినట్టు లేదు, నిజంగా మా గురించి కంగారుపడినట్టు ఉంది. ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఆస్టిన్_పెద్దన్న:
తమ్ముడూ, ఆ పెద్దాయనకి దండం పెట్టుకో. నేను పద్దెనిమిదేళ్లుగా ఇక్కడ బండి నడుపుతున్నా. వీపు మీద మూడు ముక్కలు (పైన పేరు, మధ్యలో బొమ్మ, కింద ఊరో రాష్ట్రమో) ఉంటే దాన్ని ‘త్రీ పీస్ ప్యాచ్’ అంటారు. మీకది అలంకారం. కొన్ని బైకర్ క్లబ్బులకి మాత్రం ‘ఈ నేల మాది’ అని చెప్పడం. ‘వన్ పర్సెంటర్’ (చట్టాన్ని లెక్కచేయని ఆ ఒక్క శాతం మేమే) అని గర్వంగా చెప్పుకునే క్లబ్బుల్లో ఆ ప్యాచ్ ఊరికే రాదు. ముందు చుట్టూ తిరగాలి, తర్వాత ‘ప్రాస్పెక్ట్’గా (సభ్యత్వం కోసం ఎదురుచూసేవాడిగా) నెలలూ ఏళ్లూ ఊడిగం చేయాలి, చివర్లో సభ్యులు ఒప్పుకుంటేనే ఇస్తారు. ఇచ్చాక కూడా అది మనిషిది కాదు, క్లబ్బుది. బయటికి పోతే తిరిగి ఇచ్చేయాలి.

టెక్సాస్‌లో ఆ కింది పట్టీ మాదే అని చెప్పుకునేది బాండిడోస్. 1966లో ఇక్కడే, శాన్ లియాన్‌లో పుట్టిన క్లబ్బు అది. వాళ్లని అడక్కుండా కోసాక్స్ అనే క్లబ్బువాళ్లు ‘టెక్సాస్’ పెట్టుకున్నారు. ఆ పంతం పెరిగి పెరిగి ఎక్కడ తేలిందో తెలుసా? వేకోలో. మీరు డాలస్ నుంచి ఆస్టిన్ వచ్చేటప్పుడు ఐ-35 మీద మధ్యలో తగిలే ఊరే.

బేలర్_పాతవిద్యార్థి:
ఆ రోజు నేను వేకోలోనే ఉన్నాను, అప్పుడు చదువుకుంటున్నా. 2015 మే 17, ఆదివారం. ట్విన్ పీక్స్ రెస్టారెంట్‌లో బైకర్ల సంఘం సమావేశం ఉంది. గొడవ జరగొచ్చని పోలీసులు ముందే వచ్చి బయట కాపు కాశారు. మధ్యాహ్నం పూట పార్కింగ్‌లో మాటామాటా పెరిగి, చేతులు కలిసి, తుపాకులు పేలాయి. తొమ్మిది మంది చనిపోయారు. వాళ్లలో నలుగురికి పోలీసు రైఫిల్ గుళ్లు కూడా తగిలాయని తర్వాత పరీక్షల్లో తేలింది. చనిపోయినవాళ్లలో ఒకాయన వియత్నాంలో గాయపడి పతకం అందుకున్న అరవై అయిదేళ్ల మాజీ సైనికుడు. ఆయన ఏ గ్యాంగులోనూ లేడని ఇంట్లోవాళ్లు చెప్పారు.

నాకు గుర్తుండిపోయింది సాయంత్రం. మా రూమ్మేటూ నేనూ కూరగాయలకని బయల్దేరితే దారులన్నీ మూసేశారు. పట్టుకున్నవాళ్లని ఊళ్లోని కన్వెన్షన్ సెంటర్‌కి తరలిస్తున్నారని టీవీలో చూశాం. నెల ముందు మా డిపార్ట్‌మెంట్ కార్యక్రమానికి అదే హాల్లో భోజనం చేశాం. ఆ రాత్రి వంట చేయబుద్ధి కాలేదు, పెరుగన్నం తిని పడుకున్నాం.

వీసా_బెంగ:
అసలు విషయం అరెస్టులే. 177 మందిని పట్టుకున్నారు, ఒక్కొక్కరికీ పది లక్షల డాలర్ల బెయిల్. అందరి అరెస్టుకీ ఒకే నమూనా కాగితం, పేరు మాత్రమే మారింది. అందులో కాల్చినవాళ్లే కాదు, బాత్రూంలో దాక్కున్నవాళ్లూ, తినడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఒంటి మీది వెస్టు, ప్యాచ్ చూసి ఫలానా గుంపు అని లెక్కగట్టారు. ఉద్యోగాలు పోయినవాళ్లు ఎందరో. ఒకే ఒక్క కేసు విచారణ దాకా వెళ్లింది, 2017లో జ్యూరీ తేల్చలేకపోయింది. 2019 ఏప్రిల్‌లో మిగిలిన కేసులన్నీ ఎత్తేశారు. ఒక్కరికి కూడా శిక్ష పడలేదు.

వాళ్లు అమెరికా పౌరులు కాబట్టి నాలుగేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి బయటపడ్డారు. మనం హెచ్‌1బీ మీద ఉన్నాం. కేసు కొట్టేసినా అరెస్టయిన మాట రికార్డులో ఉంటుంది. వీసా స్టాంపింగ్‌కి వెళ్లిన ప్రతిసారీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలి. గిత్త గారూ, పద్నాలుగు మందిలో ఎంతమందికి గ్రీన్‌కార్డు వచ్చింది? ముందు అది లెక్కేయండి.

రెండో_సవరణ:
నేను ఒప్పుకోను. ఎవడో గుడ్డముక్క మీద రాష్ట్రం పేరు నాది అంటే మనం తల వంచాలా? చట్టం అలా చెప్పట్లేదు. మంగోల్స్ అనే ఇంకో బైకర్ క్లబ్బు బొమ్మ (ట్రేడ్‌మార్క్) హక్కుల్ని ప్రభుత్వమే లాక్కోవాలని చూస్తే, అది భావప్రకటన స్వేచ్ఛకి విరుద్ధం అని 2019లో ఫెడరల్ జడ్జి ఆపేశాడు. టెక్సాస్‌లో పన్ను కడుతున్నాం, టెక్సాస్ అని రాసుకుంటాం.

ఆస్టిన్_పెద్దన్న:
తమ్ముడూ, నువ్వు చెప్పిన చట్టం కరెక్టే. నీ హక్కుని నేను కాదనను. కానీ గ్యాస్ స్టేషన్‌లో పక్కన ఆగినవాడు ఆ తీర్పు చదివి రాడు. 2018లో బాండిడోస్ పెద్ద తలకాయలు ఇద్దరికి శాన్ ఆంటోనియో కోర్టులో యావజ్జీవం పడింది. అయినా క్లబ్బు ఉంది, ఆ పట్టీ మీద పట్టింపూ ఉంది. ఇంకో మాట. ఇక్కడ బండి నడిపేవాళ్లంతా వీళ్లే అనుకోవద్దు. పిల్లలకి బొమ్మలు పంచే రైడ్లలో నేను కలిసిన మంచి మనుషులకి లెక్కలేదు. ఆ పెద్దాయన కూడా అలాంటివాడే అయ్యుంటాడు.

కోపెన్‌హాగన్_కోడలు:
మా ఆయనకి బండి పిచ్చి, అందుకే చదువుతున్నా. ఇంత ప్రశాంతమైన డెన్మార్క్‌లో కూడా ఇది జరిగిందంటే నమ్మరు. 1994 నుంచి 1997 దాకా ఈ నార్డిక్ దేశాల్లో హెల్స్ ఏంజెల్స్ అనే బైకర్ క్లబ్బుకీ బాండిడోస్‌కీ యుద్ధమే నడిచింది, పదకొండు మంది పోయారు. 1996 అక్టోబరులో కోపెన్‌హాగన్‌లో హెల్స్ ఏంజెల్స్ ఇంటి మీదికి ట్యాంకుల్ని పేల్చే రాకెట్ వేశారు. ఆ రోజు అక్కడ బయటివాళ్లని కూడా పిలిచిన పార్టీ. చనిపోయిన ఇద్దరిలో ఒకామె ఊరికే అతిథిగా వచ్చిన అమ్మాయి. ఆ వీధికి దగ్గర్లోనే మేం కూరగాయలు కొంటాం. చివరికి 1997 సెప్టెంబరులో రెండువైపుల నాయకులు టీవీలో చేతులు కలిపి ఆపారు. మా పక్కింటి ముసలావిడ ఆ రోజులు చెబుతుంటే ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతుంది.

మాంట్రియల్_మావయ్య:
కెనడాలో ఇంకా ఘోరం. క్విబెక్‌లో హెల్స్ ఏంజెల్స్‌కీ రాక్ మెషీన్ అనే గ్యాంగుకీ మత్తుమందుల వ్యాపారం కోసం జరిగిన పోరులో 160 మందికి పైగా చనిపోయారు. 1995 ఆగస్టులో మాంట్రియల్‌లో జీపులో బాంబు పేలి, వీధిలో ఆడుకుంటున్న పదకొండేళ్ల పిల్లాడికి ఇనుపముక్క తగిలింది, నాలుగు రోజులకి పోయాడు. ఆ బిడ్డ పోయాకే జనం తిరగబడ్డారు, 1997లో గ్యాంగుల మీద ప్రత్యేక చట్టం వచ్చింది. నాకూ అప్పుడు ఆ వయసు పిల్లాడే. చాలా రోజులు వాణ్ణి బయట ఆడుకోడానికి పంపలేదు.

బ్రిస్బేన్_సీమ:
ఇక్కడ వీళ్లని ‘బైకీలు’ అంటారన్నా. 1984లో ఫాదర్స్ డే నాడు సిడ్నీ మిల్‌పెర్రాలో ఒక పబ్బు పార్కింగ్‌లో కొమాంచెరోలూ బాండిడోలూ కాల్చుకుంటే ఏడుగురు పోయినారు, అందులో ఏ సంబంధం లేని పద్నాలుగేళ్ల పాప ఒకతి. మా క్వీన్స్‌లాండ్‌లో అయితే 2013లో గోల్డ్‌కోస్ట్ బ్రాడ్‌బీచ్ గొడవ తర్వాత గట్టి చట్టాలు తెచ్చినారు. ఇప్పుడు ప్రభుత్వం లిస్టులో పెట్టిన క్లబ్బుల ప్యాచ్ వేసుకుని బయట తిరిగితేనే కేసు. మా రైడింగ్ గ్రూపువాళ్లం ఒక్క ముక్క బొమ్మ ఛాతీ మీద పెట్టుకున్నాం, వీపు ఖాళీ. ఎవరూ ఏమనలేదు.

అనంతగిరి_ఆదివారం:
అన్నా, మేం హైదరాబాద్‌ల బుల్లెట్ గ్రూపు. ఆదివారం పొద్దుగాల అనంతగిరి పోయి టిఫిన్ జేసి వస్తం. మావోళ్లు సూత ఇంటర్నెట్ల జూసి మూడు ముక్కల ప్యాచ్ కుట్టించిండ్రు, పేరు పక్కకు ‘ఎంసీ’ (మోటార్‌సైకిల్ క్లబ్బు) అని సూత పెట్టిండ్రు. ఈడ ఎవ్వడు అడగడు, నిజమే. గని మా గ్రూపుల ఇద్దరు పిల్లలు వచ్చే ఆగస్టుకి డాలస్ పోతున్నరు చదువుకి. వెస్టులు సూట్‌కేసుల పెట్టుకుంటమన్నరు. ఇది చదివినంక ఇయ్యాల్నే ఫోన్ జేసి చెప్పిన, వెస్ట్ ఈడనే ఇడిసిపెట్టు బిడ్డా అని.

హిల్‌కంట్రీ_గిత్త:
అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వీసా_బెంగ గారూ, లెక్కేశా. పద్నాలుగు మందిలో గ్రీన్‌కార్డు ముగ్గురికే. రాత్రి గ్రూపులో ఈ చర్చ పంపా. ఇద్దరు ఇంకా వాదిస్తున్నారు, మిగతావాళ్లు సరే అన్నారు. గిత్త బొమ్మ చిన్నది చేసి ఛాతీ మీద పెట్టుకుందాం అనుకుంటున్నాం. మా ఆవిడ గోరుకత్తెరతో నా పట్టీ కుట్లు ఒక్కొక్కటీ తెంపింది, గంటన్నర పట్టింది. ‘టెక్సాస్’ పోయింది గానీ తోలు మీద సూది రంధ్రాలు వంపుగా అలాగే ఉన్నాయి, లైటుకి ఎదురుగా పెడితే అక్షరాల ఆకారం కూడా కనిపిస్తోంది. ఇర్వింగ్ వైపు తోలు పని తెలిసిన దర్జీ ఎవరైనా ఉంటే చెప్పండి, వెనక ముక్క మొత్తం మార్పించేస్తా.