ఊర్లో కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లు మహబూబ్‌నగర్ నుంచి తెరవడం ఎట్లా?

గట్టుప్పల్ ఆడబిడ్డ:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది నల్గొండ జిల్లా గట్టుప్పల్. నాయిన చిటికి పని, అంటే నూలుకు ముడులు కట్టి రంగులద్దే పని చేస్తాడు. నూలు కట్టే ముందు చూసుకునే గ్రాఫ్ డిజైన్లన్నీ కంప్యూటర్‌లో నేనే గీస్తాను. పెళ్లయి మహబూబ్‌నగర్ వచ్చి మూడేళ్లయింది. పాత డిజైన్లన్నీ అమ్మగారింట్లోని కంప్యూటర్‌లోనే ఉన్నాయి. పదకొండేళ్ల పని అది, నలభై జీబీ దాటింది.

పోయిన వారం షావుకారు ఒక పాత కొంగు డిజైన్ కావాలన్నాడు. నాయినకు ఫోల్డర్లు తెలియవు. వీడియో కాల్‌లో ఫోన్‌ను స్క్రీన్ ముందు పట్టుకొని "ఇదేనా బిడ్డా, ఇదేనా?" అని గంటసేపు వెతికాడు. దొరికిందే అనుకున్నాం. తీరా అది అంచు కొలత మార్చకముందుది. దాన్ని చూసి రెండు రోజులు నూలు కట్టారు, తర్వాత అంతా విప్పాల్సి వచ్చింది. నాయిన ఒక్క మాట అనలేదు. నాకే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మగారింట్లో ఫైబర్ నెట్ ఉంది, కంప్యూటర్‌లో విండోస్ 11 హోమ్. వీడియో చూసి రౌటర్‌లో 3389 పోర్ట్ ఫార్వార్డ్ చేశాను, అంటే బయటినుంచి ఆ కంప్యూటర్‌కు దారి తెరిచాను. కనెక్ట్ కావడం లేదు. ఎక్కడ తప్పు చేశాను?

సూర్యాపేట కేబుల్ అన్న:
చెల్లె, ముందు ఆ 3389 తీసేయి. అది రిమోట్ డెస్క్‌టాప్ పోర్ట్, అంటే దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే దారి. విండోస్ హోమ్‌లో బయటినుంచి వచ్చే రిమోట్ డెస్క్‌టాప్‌ను తీసుకునే సౌకర్యమే లేదు, అది ప్రోలో ఉంటుంది. ఒకవేళ ఉన్నా, ఆ పోర్ట్ తెరిచి పెడితే పాస్‌వర్డ్‌లు ఊహించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తలుపు కొడుతుంటాయి. ఫైల్ షేరింగ్ పోర్ట్ 445 కూడా అంతే. 2017 మేలో వన్నాక్రై వైరస్ పాకింది దాని మీదనే.

ఇంకొక సంగతి. రౌటర్ పేజీలో వాన్ ఐపీ, అంటే ఇంటర్నెట్ వైపు రౌటర్‌కు ఉన్న చిరునామా చూడు. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీకు సొంత ఐపీ లేనట్టే. ఐపీవీ4లో ఉన్న చిరునామాలే సుమారు 429 కోట్లు, అందుకని కంపెనీలు ఒక్క ఐపీని చాలా ఇళ్లకు పంచుతాయి. దాన్ని సీజీనాట్ అంటారు. అప్పుడు నీ రౌటర్‌లో ఏ పోర్ట్ తెరిచినా బయటివాళ్లు అక్కడిదాకా రాలేరు.

టెయిల్‌స్కేల్ వేసుకో, దూరంగా ఉన్న కంప్యూటర్లను ఒకే నెట్‌వర్క్‌లా కలిపే సాఫ్ట్‌వేర్ అది. సొంత వాడకానికి ఉచితం. రెండు కంప్యూటర్లలోనూ ఒకే ఖాతాతో లాగిన్ అయితే చాలు, రౌటర్ ముట్టుకునే పని లేదు. ఇంటి కంప్యూటర్‌కు అది ఒక ఐపీ ఇస్తుంది. అది కూడా 100తోనే మొదలవుతుంది, కంగారు పడకు. డిజైన్ల ఫోల్డర్‌ను షేర్ చేసి, నీ ల్యాప్‌టాప్‌లో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి ఆ ఐపీ రాస్తే ఫోల్డర్ కనిపిస్తుంది. అక్కడ విండోస్ పిన్ పని చేయదు, ఖాతా పాస్‌వర్డే కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

టెయిల్‌స్కేల్ లాగిన్ 180 రోజులకు గడువు తీరుతుంది. ఇంటి కంప్యూటర్‌కు మాత్రం ఆ గడువును అడ్మిన్ పేజీలో ఆపేయి, లేకుంటే ఆరు నెలలకు నాయినను మళ్లీ ఫోన్ పట్టుకొని నిలబెట్టాల్సి వస్తుంది.

జడ్చర్ల:
అన్న చెప్పింది సరే. కానీ గట్టుప్పల్‌లో కరెంటు పోతే? కంప్యూటర్ నిద్రలోకి పోతే? నేనైతే సింక్‌థింగ్ అనే సాఫ్ట్‌వేర్ పెడతాను అక్కా. రెండు చోట్లా అవే ఫైళ్లు ఉంటాయి. రెండూ ఆన్‌లో ఉన్నప్పుడు మారినవి వాటంతట అవే సర్దుకుంటాయి. నలభై జీబీ ఒక్కసారి హార్డ్ డిస్క్‌లో తెచ్చుకుంటే, ఆ తర్వాత పోయేది కొత్తవే.

సూర్యాపేట కేబుల్ అన్న:
మంచి మాట తమ్ముడు. ఒక్కటి గుర్తుంచుకో చెల్లె: అక్కడ ఎవరైనా పొరపాటున ఫైల్ తుడిచేస్తే ఇక్కడా పోతుంది. పాత కాపీలు దాచే ఫైల్ వెర్షనింగ్ రెండు వైపులా ఆన్ చేయి. సింక్‌థింగ్ బ్యాకప్ కాదు, ఆ హార్డ్ డిస్క్‌ను విడిగా దాచిపెట్టు. కరెంటు సంగతికి: బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల పేజీలో, కరెంటు తిరిగి రాగానే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటుంది, పెట్టు. స్లీప్ ఆపు. టెయిల్‌స్కేల్‌లో అన్‌అటెండెడ్ మోడ్ టిక్ చేస్తే ఎవరూ లాగిన్ కాకున్నా కనెక్ట్ అవుతుంది. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఒకటి కొను.

గట్టుప్పల్ ఆడబిడ్డ:
ఆదివారం ఊరికి పోయి వచ్చాను. వాన్ ఐపీ 100.78తో మొదలైంది, అన్న చెప్పినట్టే. ఆ సంగతి తెలియక రెండు రోజులు ఆ రౌటర్‌తో కొట్లాడాను. పోర్ట్ ఫార్వార్డింగ్ తీసేసి టెయిల్‌స్కేల్ పెట్టాను. పాస్‌వర్డ్ దగ్గరే నేనూ ఆగిపోయాను, పిన్ కొట్టి కొట్టి.

రాత్రి మహబూబ్‌నగర్ నుంచి 180 ఎంబీ ఫైల్ తెరిచాను. ఇంటి నెట్‌లో అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్, ఒకటిన్నర నిమిషంలో వచ్చింది. పాత రకాలన్నీ "వాడొద్దు" అని వేరే ఫోల్డర్‌లోకి మార్చాను, తెలుగులోనే పేరు పెట్టాను, నాయిన చదువుకుంటాడని. సింక్‌థింగ్ వచ్చే నెల, హార్డ్ డిస్క్ కొన్నాక. నాయిన పొద్దున ఫోన్ చేసి "కంప్యూటర్ లైటు వెలుగుతనే ఉంది, బంద్ చెయ్యాల్నా బిడ్డా?" అన్నాడు. వద్దు నాయినా, అట్లనే ఉండనీ అని చెప్పాను.