హైదరాబాద్ ఉద్యోగంతో విజయనగరంలో కాపురం పెట్టవచ్చా?

ప్రశ్న అడిగినవారు

అందరికీ నమస్కారం. మా సొంత ఊరు విజయనగరం. చదువు అయినప్పటి నుంచి హైదరాబాద్‌లోనే ఉంటున్నాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి నుంచి పని చేసుకోవడానికి మా కంపెనీ ఈ మధ్య ఒప్పుకుంది. నెలకోసారి ఆఫీసుకు వెళ్తే చాలు. అమ్మా నాన్నా ఊళ్ళో ఇద్దరే ఉంటున్నారు. నాన్నకు డెబ్బై దాటాయి, గుండెకు మందులు వాడుతున్నారు. మా పాప అయిదో తరగతి. మకాం మార్చేద్దామని నా కోరిక, కానీ ఇంట్లో అందరిదీ ఒకే మాట కాదు. అలా వెళ్ళినవాళ్ళు, వెళ్ళి తిరిగి వచ్చేసినవాళ్ళు మీ అనుభవం చెప్పండి.

కంటోన్మెంట్ నివాసి

సందేహించకుండా రండి. నేను హైదరాబాద్ నుంచి వచ్చి విజయనగరం కంటోన్మెంట్‌లో స్థిరపడ్డాను, మళ్ళీ వెళ్ళే ఆలోచన లేదు. ఇంటి అద్దె హైదరాబాద్‌లో కట్టినదాంట్లో సగం కూడా లేదు. బడి, బజారు, బ్యాంకు అన్నీ దగ్గరే. సాయంత్రం పని ముగిశాక పిల్లలతో గడపడానికి సమయం మిగులుతోంది.

చిన్న ఊరంటే మూలన పడి ఉన్న ఊరని చాలామంది అనుకుంటారు. విజయనగరం రైల్వే జంక్షన్. హౌరా–చెన్నై మార్గం, రాయ్‌పూర్ వైపు వెళ్ళే మార్గం కలిసేది ఇక్కడే. రాత్రి రైలెక్కితే తెల్లవారాక సికింద్రాబాద్‌లో ఉంటారు, మీ నెలకోసారి ఆఫీసు పని అలా గడిచిపోతుంది. విశాఖ అరవై కిలోమీటర్లే. 2023 మేలో శంకుస్థాపన చేసిన భోగాపురం విమానాశ్రయం మన జిల్లాలోనిదే, విశాఖ కంటే మనకే దగ్గర.

ఒక్క జాగ్రత్త చెప్తాను. వచ్చీ రాగానే స్థలం కొనకండి. విమానాశ్రయం పేరు చెప్పి భోగాపురం దారి పొడవునా లేఅవుట్లు వేసి అమ్ముతున్నారు. వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో చూడకుండా బయానా ఇస్తే ఇబ్బంది పడతారు.

ఆమదాలవలస వాసి

నేను తిరిగి వచ్చేసినవాడిని, కాబట్టి రెండో పక్క చెప్తాను.

మీలాగే కంపెనీ అనుమతితో శ్రీకాకుళంలో ఇల్లు తీసుకున్నాను. నాగావళి ఒడ్డున నడక, అమ్మ చేతి వంట, బంధువుల రాకపోకలు, అన్నీ బాగున్నాయి. కొన్నాళ్ళకు కంపెనీలో పైవాళ్ళు మారారు. వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావాలన్నారు. పిల్లల చదువు అప్పటికి సగం ఏడాదిలో ఉంది. ఆ జీతానికి దగ్గరగా వచ్చే పని జిల్లాలో ఎక్కడా దొరకలేదు. విశాఖలోనూ వెతికాను, నా అనుభవానికి తగ్గ ఉద్యోగాలు అక్కడ కూడా తక్కువే కనిపించాయి. చివరికి పిల్లల్ని అక్కడే ఉంచి నేనొక్కడినే హైదరాబాద్‌లో గది తీసుకోవలసి వచ్చింది. కుటుంబానికి దగ్గరగా ఉండాలని వెళ్ళిన మనిషి కుటుంబానికే దూరమయ్యాడు.

అసలు మన ప్రాంతం గురించి నిజం మాట్లాడుకోవాలి. మా తీరం నుంచి మత్స్యకారులు పని కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్తారు. అలా వెళ్ళినవాళ్ళలో ఇరవై మంది 2018 నవంబరులో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో గానీ ఇంటికి చేరలేదు. ఉన్న ఊళ్ళో బతుకు గడిస్తే ఎవరు అంత దూరం పోతారు? అంతమంది ఎందుకు బయటికి పోతున్నారో తెలుసుకోకుండా, పట్నం జీతం చేతిలో పట్టుకుని ‘ఊరు ఎంత హాయి’ అనడం నాకు నచ్చదు. ఆ హాయి మీ జీతానిది, ఊరిది కాదు.

కంటోన్మెంట్ నివాసి

మీకు జరిగింది బాధాకరమే. కానీ అది కంపెనీ చేసిన పని. హైదరాబాద్‌లో ఉన్నా ఉద్యోగం పోవచ్చు కదా?

ఆమదాలవలస వాసి

పోవచ్చు. అక్కడ పోతే ఇల్లు మారకుండా, పిల్లల బడి మారకుండా ఇంకోటి వెతుక్కోవచ్చు. తేడా అదే.

విశ్రాంత ఉపాధ్యాయుడు

బాబూ, మీ ఇద్దరి మాటల్లోనూ జీతమే ఉంది. అడిగిన అబ్బాయి మొదట చెప్పింది తల్లిదండ్రుల గురించి.

డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళను అపార్టుమెంటుకు తీసుకుపోతే ఏమవుతుందో మా వీధిలో చాలామంది విషయంలో చూశాను. పలకరించే మనిషి ఉండడు, తెలిసిన డాక్టరు ఉండడు, గుడికి ఒంటరిగా వెళ్ళలేరు. ‘మమ్మల్ని ఊళ్ళో దింపేయండి’ అని ఆరు నెలల్లో ఏడుస్తారు. వాళ్ళను కదపడం కంటే మీరు కదలడమే మేలు.

పాప సంగతి కూడా చెప్తాను. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఇప్పటికీ నడుస్తోంది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడే వయొలిన్ నేర్పారు. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నవాళ్ళే. మహానగరంలో పిల్లను సంగీతం క్లాసుకు తీసుకెళ్ళి తీసుకురావడానికే సాయంత్రం అయిపోతుంది. ఇక్కడ సైకిలు మీద వెళ్ళివస్తుంది. కోరుకొండ సైనిక్ స్కూలు కూడా మనకు దగ్గరే. 2021–22 నుంచి సైనిక్ స్కూళ్ళలో ఆడపిల్లలకూ ప్రవేశం ఇస్తున్నారు. ఆరో తరగతిలో చేర్చుకుంటారు, మీ పాప వయసుకు సరిపోతుంది.

బొబ్బిలి అమ్మాయి

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే ఒక విషయం అడుగుతున్నాను. రాత్రి పూట ఆ తండ్రిగారికి గుండె నొప్పి వస్తే?

మా నాన్నకు వచ్చింది. పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఈసీజీ తీశారు, గుండెపోటేనన్నారు, స్టెంటు వేసే ఏర్పాటు తమ దగ్గర లేదని విశాఖ తీసుకుపొమ్మన్నారు. గుండె రక్తనాళంలో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ గురించి ఒక్క మాట చెప్పలేదు. రెండు గంటల్లోపు స్టెంటు వేసే ఆసుపత్రికి చేరలేమనుకుంటే, ఆ ఇంజెక్షన్ ముందే ఇవ్వాలని ఆ తర్వాత విశాఖలో డాక్టరు చెప్పారు. నాన్న బతికారు గానీ గుండె కండరం చాలా దెబ్బతింది. ఇప్పుడు మేడ మెట్లు ఎక్కలేరు.

అందుకే అడిగినవారికి నా మాట: మకాం మార్చకముందే ఒక పని చేయండి. రాత్రి వేళ స్టెంటు వేసే ఆసుపత్రి ఎక్కడుంది, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎక్కడ దొరుకుతుంది, ఈ రెండూ స్వయంగా వెళ్ళి కనుక్కోండి. రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా ఆ ఇంజెక్షన్ ఉచితంగా ఇచ్చే పథకం ఉంది, మీకు దగ్గరలో ఎక్కడ ఇస్తారో అడగండి. విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, దాని వల్ల పరిస్థితి మారుతుందని నాకూ ఆశ ఉంది. కానీ గుండెపోటు వచ్చిన రాత్రి ఆశ పనికిరాదు.

నాకు కోపం తెప్పించే సంగతి ఇంకొకటి ఉంది. గోస్తనీ నది మీద తాటిపూడి జలాశయం మన జిల్లాలో ఉంది. ఆ నీళ్ళు విశాఖ తాగుతుంది. మన పిల్లలు పనికి విశాఖ వెళ్తారు. జబ్బు చేస్తే మనం అంబులెన్సులో విశాఖ వెళ్తాం. అరవై కిలోమీటర్ల దూరంలో పెద్ద నగరం ఉండడం వరమని అందరూ అంటారు. ‘విశాఖ ఉంది కదా’ అంటూనే ఇక్కడ కావలసినవి ఇక్కడ పెట్టకుండా ఏళ్ళు గడిపారు.

విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, నువ్వన్నది నిజం. ఆసుపత్రి విషయంలో నా దగ్గర జవాబు లేదు. కానీ తండ్రి పక్కన కొడుకు ఉంటే ఆ రాత్రి కారు తీసేవాడు ఒకడు ఉంటాడు. ఇద్దరు ముసలివాళ్ళే ఉంటే తెల్లారేదాకా చూద్దామని పడుకుంటారు. ఆ తేడా చిన్నది కాదు.

మందుల కంపెనీ ఉద్యోగిని

ఇంత చర్చ జరిగింది, ఆయన భార్య ఏం చేస్తారో ఎవరూ అడగలేదు. ‘ఇంట్లో అందరిదీ ఒకే మాట కాదు’ అని ఆయనే రాశారు. నాకు అన్నిటికంటే ముందు కనిపించింది ఆ వాక్యమే. అయ్యా, ఆవిడకు ఉద్యోగం ఉందా?

ప్రశ్న అడిగినవారు

ఉంది. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేస్తోంది. ఆమె పని ఇంటి నుంచి చేసేది కాదు. ‘నీ ఉద్యోగం నీతో వస్తుంది, నాది రాదు’ అన్నది ఆమె అభ్యంతరం. అది ముందే రాయవలసింది.

మందుల కంపెనీ ఉద్యోగిని

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. రణస్థలం మండలం పైడిభీమవరంలో మందుల కంపెనీలు వరుసగా ఉన్నాయి. జాతీయ రహదారి పక్కనే, అటు శ్రీకాకుళానికీ ఇటు విజయనగరానికీ మధ్యలో. నేను అక్కడే పని చేస్తున్నాను. విజయనగరం నుంచి చాలామంది కంపెనీ బస్సుల్లో వచ్చిపోతారు. క్వాలిటీ కంట్రోల్‌లో అనుభవం ఉన్నవాళ్ళకు అవకాశాలు వస్తూనే ఉంటాయి.

ఇబ్బందులు కూడా వినండి. ఇక్కడ ఎక్కువగా తయారయ్యేది ముడి మందు, అంటే మాత్రల్లో కలిపే అసలు మందు పదార్థం. ఆవిడది మాత్రల తయారీ వైపు అనుభవమైతే పరీక్షలు, రికార్డులు కొత్తగా అలవాటు చేసుకోవాలి. జీతం హైదరాబాద్ స్థాయిలో రాకపోవచ్చు. షిఫ్టులు ఉంటాయి, తనిఖీల సమయంలో ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. పరిశోధన విభాగంలో ఎదగాలని ఆవిడకు ఉంటే అది హైదరాబాద్‌లోనే సులువు, ఆ కోరిక వదులుకోమని ఎవరూ చెప్పకూడదు. ముందు ఆవిడ దరఖాస్తు పంపాలి, ఇంటర్వ్యూకు రావాలి, కంపెనీ చూడాలి. ఆ తర్వాతే మీరు సామాను సర్దుకోవాలి. ఊరు మారే నిర్ణయం మీ జీతం బలం మీద కాకుండా ఇద్దరి ఉద్యోగాల మీద నిలబడితే, ఆమదాలవలస వారికి వచ్చిన కష్టం మీకు వచ్చినా ఒక జీతమైనా ఇంట్లో ఉంటుంది.

ఆమదాలవలస వాసి

ఇది నేను ఒప్పుకునే మాట. మా ఇంట్లో రెండో జీతం లేకపోయింది.

ఇంకొకటి. తుపాను సంగతి ఎవరూ చెప్పలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. రెండుసార్లూ ఉత్తరాంధ్రలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఇంటి నుంచి పని చేసేవారు ఇన్వర్టరు, వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ కనెక్షన్లు రెండు పెట్టుకోవాలి. అలాంటప్పుడు సెలవు ఇస్తారో లేదో మీ మేనేజరును ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. పైడిభీమవరం గురించి ఆమెకు చెప్పాను. తనది ముడి మందుల వైపు అనుభవమేనట. దరఖాస్తులు పంపుతానంది, కానీ ‘రాకపోతే ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు’ అంది. ఒప్పుకున్నాను. వచ్చే వారం నాన్నను చూడడానికి వెళ్తున్నాను, బొబ్బిలి అమ్మాయిగారు చెప్పిన రెండు విషయాలూ అప్పుడే కనుక్కుంటాను. కంపెనీ బస్సులు పట్టణంలో ఎక్కడెక్కడ ఆగుతాయో తెలిస్తే చెప్పండి. ఇల్లు చూస్తే ఆ చుట్టుపక్కలే చూస్తాం.