అప్‌డేట్: పాత ఫిట్టింగ్‌లో ఎల్‌ఈడీ ట్యూబ్ వెలగని సమస్య తీరింది

పాత నాలుగడుగుల ట్యూబ్‌లైట్ ఫిట్టింగ్‌లో కొత్త ఎల్‌ఈడీ ట్యూబ్ చక్కగా అమరినా వెలగడం లేదని ఇంతకుముందు అడిగాను. వోల్టేజీ తక్కువేమోనని కొందరు, స్టార్టర్ (ట్యూబ్‌ను వెలిగించడం మొదలుపెట్టే చిన్న భాగం) మార్చమని కొందరు, చోక్‌నూ (ట్యూబ్‌కు వెళ్లే కరెంటును అదుపు చేసే భాగం) స్టార్టర్‌నూ తీసేయమని కొందరు చెప్పారు. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

ఎలక్ట్రీషియన్ చూసి తేల్చినదేమిటంటే, ట్యూబ్ చివరలు జీ13 రకానివే, అంటే పిన్నుల మధ్య దూరం 13 మిల్లీమీటర్లే, పాత హోల్డర్లూ అవే. అయితే పిన్నులు హోల్డర్‌లో పట్టినంత మాత్రాన వైరింగ్ కూడా సరిపోయినట్టు కాదు. మా ట్యూబ్ ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) రెండింటినీ ఒకే చివర తీసుకునే రకం కాగా, పాత ఫిట్టింగ్‌లో ఫేజు చోక్ గుండా ఒక చివరకు, న్యూట్రల్ రెండో చివరకు వెళ్తున్నాయి. కాబట్టి చోక్‌నూ స్టార్టర్‌నూ తీసేయమన్న సలహాయే పనిచేసింది. మెయిన్ ఆపి, ‘ఎల్’ (ఫేజు), ‘ఎన్’ (న్యూట్రల్) అని ట్యూబ్‌పై ముద్రించి ఉన్న చివరకే రెండు వైర్లూ ఇచ్చారు. రెండో చివర ఇప్పుడు కేవలం ఆసరా.

వోల్టేజీ తక్కువన్న అనుమానానికి ఆధారం దొరకలేదు, స్టార్టర్ మార్చినా ఫలితం లేదు. చోక్ తీసేసి వైరింగ్ మార్చాము కనుక ఇకపై ఇందులో మామూలు ఫ్లోరోసెంట్ ట్యూబ్ (పాత రకం ట్యూబ్‌లైట్) పెట్టడం ప్రమాదం కాబట్టి, ఫిట్టింగ్ మీద ‘ఎల్‌ఈడీ మాత్రమే’ అని రాసి అంటించాము.