మేఘాల అడవిలో నడక: బెంగళూరు నుంచి వెళ్లివచ్చినవాళ్లు చెప్పండి

కొత్తదారి, బెల్లందూరు

అందరికీ నమస్కారం. జూలైలో కొద్ది రోజులు సెలవు దొరికింది. పడమటి కనుమల్లో మేఘాలు దిగే ఎత్తైన అడవుల్లో, అంటే షోలాల్లో నడవాలని చాలాకాలంగా కోరిక. నేను, మా ఆవిడ, పదేళ్ల పాప, అరవై దాటిన అమ్మ వెళ్తాం. వంజంగి చూసినవాళ్లమే, కానీ అక్కడ మేఘం కాళ్ల కింద ఉంటుంది. మేఘం లోపల నడవడం ఎలా ఉంటుందో తెలియదు. ఆఫీసులో వాళ్లు "వానల్లో తెల్లటి పొగ తప్ప ఏమీ కనిపించదు, జనవరిలో వెళ్లు" అంటున్నారు. కుద్రేముఖ్ గానీ, ఊటీ-కోటగిరి వైపు గానీ అనుకుంటున్నాం. ఎటు వెళ్లమంటారు? గైడు నిజంగా అవసరమా?

కొండగాలి, జయనగర్

జనవరిలో ఆకాశం తేటగా ఉంటుంది, దూరపు కొండలు కనిపిస్తాయి. ఆ మాట నిజమే. కానీ మీరు అడిగింది మేఘాల అడవి గురించి కదా, అది తన పని చేసుకుంటూ కనిపించేది ఈ వానల్లోనే. జూలైనే వెళ్లండి.

జూన్ నుంచి అరేబియా సముద్రపు తడిగాలి కనుమలకు తగిలి పైకి ఎగబాకుతుంది, చల్లబడి మేఘమవుతుంది. ఆ మేఘం చెట్ల మధ్య నుంచి సాగుతున్నప్పుడు ఆకులకూ కొమ్మల మీది నాచుకూ తగిలి నీటిబొట్లుగా మారుతుంది. బయట వాన ఆగినా అడవి లోపల బొట్లు రాలుతూనే ఉంటాయి. ఆ నీటిని నేల పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది కాబట్టే షోలాల్లో పుట్టిన వాగులు వేసవిలో కూడా పారుతుంటాయి. తుంగ, భద్ర, నేత్రావతి మూడూ కుద్రేముఖ్ అడవుల్లో పుట్టినవే. మాది కర్నూలు. మా ఊరి పక్క నుంచి పారే తుంగభద్రకు మొదలు అక్కడని తెలిశాక ఆ అడవిని పర్యాటక స్థలంగా చూడలేకపోయాను.

అక్కడ దూరం చూడాలని ఆశ పెట్టుకోకండి, దగ్గర చూడండి. చెట్లు పొట్టిగా, వంకర్లు తిరిగి ఉంటాయి, ఆకులు చిన్నవి, దళసరివి. ఒక్క కొమ్మ దగ్గర ఆగితే నాచు, లైకెన్లు, ఫెర్నులు, చిన్న ఆర్కిడ్లు ఒకదాని మీద ఒకటి పెరుగుతూ కనిపిస్తాయి. గంటకు ఒక కిలోమీటరు నడిస్తే చాలు. వ్యూపాయింట్ నుంచి వ్యూపాయింట్‌కు కారులో పరుగెత్తే వాళ్లకు ఇదంతా పొగే.

గైడు తప్పకుండా కావాలి. నీలగిరుల్లో చాలామంది ఫొటోలు తీసుకునే పైన్, యూకలిప్టస్ తోపులు అసలు అడవి కాదు, బ్రిటిషువాళ్ల కాలం నుంచి నాటుతూ వచ్చినవి. తుమ్మజాతి వాటిల్ చెట్లైతే గడ్డి కొండల్ని కమ్మేశాయి. కొండమడతల్లో షోలా, గట్ల మీద పచ్చిక, ఇదీ అక్కడి సహజమైన అమరిక. స్థానికుడు పక్కన ఉండి ఒకసారి చూపిస్తే తరువాత మీ కళ్లే గుర్తుపడతాయి.

తడిబూట్లు, విజయనగర్

కుద్రేముఖ్ గురించి నేను చెబుతాను. శిఖరం 1,894 మీటర్లు. ముళ్లోడి నుంచి రానూపోనూ సుమారు 20 కిలోమీటర్లు, తెల్లవారాక మొదలుపెట్టి చీకటి పడకముందే దిగాలి. పైన గుడారాలు వేసుకోనివ్వరు. రోజుకు ఇంతమందే అని పరిమితి ఉంది, అటవీశాఖ సైట్లో ముందే టికెట్ తీసుకోవాలి. శని, ఆదివారాలవి వెంటనే అయిపోతాయి. రాత్రి బస్సులో కళస వరకు వెళ్లి అక్కడి నుంచి జీపు పట్టుకోవచ్చు. అమ్మగారితో, పాపతో మాత్రం వద్దు. వాగులు దాటాలి, ఎర్రమట్టి దారి జారుతుంది, పైన గాలి నిలబడనివ్వదు.

ఈ కొండల్లో ఇనుప ఖనిజం తవ్వేవారు. సుప్రీంకోర్టు తీర్పు తరువాత 2005 చివరికల్లా ఆపేశారు. ఆ తీర్పు రాకపోతే ఈ రోజు మనం మాట్లాడుకోవడానికి ఈ నడక ఉండేదా అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

జలగల గురించి అందరూ భయపెడతారు. అవి రోగాలు అంటించే రకం కాదు, కంగారు వద్దు. మోకాలి దాకా వచ్చే జలగల మేజోళ్లు దొరుకుతాయి, ప్యాంటు అంచు వాటిలోకి దోపాలి. పట్టుకుంటే లాగకండి, ఉప్పు పోయకండి, నిప్పు పెట్టకండి. చర్మానికి అంటుకున్న చోట గోరు ఆనించి పక్కకు నెట్టితే వదిలేస్తుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కాబట్టి తరువాత కాసేపు కారుతూనే ఉంటుంది. కడిగి, గట్టిగా అదిమి కట్టు కట్టండి.

పిట్టలబాట, మల్లేశ్వరం

కుటుంబంతో అయితే నా ఓటు కోటగిరికే. ఊరి పక్కనే లాంగ్‌వుడ్ షోలా ఉంది. 116 హెక్టార్ల చిన్న అడవి, 2024లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన తడినేలల జాబితాలో చేరింది. చుట్టూ తేయాకు తోటలు, ఇళ్లు పెరిగిపోయినా ఆ ముక్క నిలబడింది. కోటగిరి చుట్టుపక్కల ఎన్నో ఊళ్లకు తాగునీళ్లు అక్కడి నుంచే.

ప్రపంచంలో పడమటి కనుమల్లో తప్ప ఎక్కడా లేని పిట్టలు అక్కడ ఒక్క ఉదయంలో కనిపిస్తాయి. నలుపు, నారింజ రంగుల ఈగపట్టు పిట్ట నేలకు దగ్గరగా పొదల్లో తిరుగుతుంది, పెద్దగా భయపడదు. నీలగిరి లాఫింగ్‌థ్రష్ ముందు వినిపిస్తుంది, తరువాత కనిపిస్తుంది. నీలిరంగు షోలాకిలి మాత్రం ఓపిక ఉన్నవాళ్లకే. దీని సంగతి అద్భుతం: పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన ఉన్నది ఒక జాతి, దక్షిణాన కొడైకానల్, మున్నార్ వైపు ఉన్నది మరో జాతి. మధ్యలో పల్లపు నేల. ఎత్తైన చల్లటి అడవిని వదిలి అవి కిందికి దిగవు కాబట్టి లక్షల ఏళ్లుగా రెండు గుంపులూ కలవలేదు. అందుకే ఒక షోలా పోతే పక్క కొండ మీద ఇంకోటి ఉందిలే అని ఊరుకోలేం.

వెళ్లేముందు పాపను ఒక ఉదయం నందికొండకు తీసుకెళ్లండి. 1,478 మీటర్ల ఎత్తున పైన చిన్న తడి అడవి ఉంది. నీలగిరి అడవి పావురం ఇంత దూరంలో అక్కడ కూడా ఉంటుంది. బైనాక్యులర్ పట్టుకోవడం, మాట్లాడకుండా నిలబడడం అక్కడే అలవాటవుతుంది.

వైట్‌ఫీల్డ్ అక్క

మా అత్తగారిని తీసుకుని వానల్లో కోటగిరి వెళ్లాం, కాబట్టి పెద్దవాళ్లతో ప్రయాణం గురించి రాస్తున్నాను. బండీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది. అందుకని తెల్లవారుజామున బయలుదేరండి. నీలగిరి జిల్లాలోకి వాహనానికి ఈ-పాస్ కావాలి, 2024 మే నుంచి ఈ నిబంధన ఉంది, ఇంట్లోనే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసాలు పెట్టుకోండి.

ట్రెక్ తమిళనాడు పేరుతో అక్కడి అటవీశాఖ 2024లో 40 నడకదారులు తెరిచింది. తేలిక, మధ్యస్థం, కష్టం అని వేరుచేసి ఉంటాయి. లాంగ్‌వుడ్ షోలా, ఊటీ దగ్గరి కెయిర్న్ హిల్ తేలికైనవి. స్థానిక యువకులే గైడ్లు. భారీ వాన హెచ్చరిక ఉంటే దారి మూసేస్తారు, అప్పుడు వాదించకండి. మా గైడు కుర్రాడు అత్తయ్యగారి అడుగును బట్టి నడిచాడు. తనకు తెలిసిన ప్రతి చెట్టుకూ వాళ్ల భాషలో పేరు చెప్పాడు. ఆవిడ తెలుగులో అడుగుతారు, అతను తమిళంలో చెబుతాడు, ఇద్దరికీ అర్థమవుతూనే ఉంది.

అమ్మగారికి చేతికర్ర, ఉన్ని టోపీ, రెండో జత మేజోళ్లు మరవకండి. నూలు బట్టలు తడిస్తే ఆరవు.

రాత్రిబస్సు, ఎలక్ట్రానిక్ సిటీ

ఒక హెచ్చరిక. మేము దిగిన బసలో "రాత్రి అడవి సఫారీ" అని మనిషికి ఇంతని వసూలు చేసి జీపు ఎక్కించారు. రోడ్డు పక్కన అడవిదున్న కనిపిస్తే దాని కళ్లలోకి పెద్ద లైటు కొట్టి, కదలకుండా నిలబెట్టి ఫొటోలు తీసుకోమన్నారు. పక్కన దూడ ఉంది. నేను ఆపమన్నాను, మిగతావాళ్లు విసుక్కున్నారు. దిగి వచ్చాక అటవీశాఖకు ఫిర్యాదు రాశాను. ఎవరు ఎంత చవగ్గా ఇస్తామన్నా అలాంటివాటికి డబ్బు ఇవ్వకండి.

దూరతీరం, హెబ్బాళ

ఆఫీసు పని మీద కోస్టారికా వెళ్లినప్పుడు మోంటెవెర్డె మేఘారణ్యం చూశాను. అక్కడి కథ మనకు పనికొస్తుంది. 1951లో అమెరికా నుంచి వచ్చి స్థిరపడిన క్వేకర్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు తమ నీటి అవసరం కోసం కొండ పైభాగపు అడవిని నరకకుండా వదిలేశారు. 1972లో ఆ ప్రాంతంలో అభయారణ్యం ఏర్పడింది. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. చెట్ల కొసల ఎత్తున వేలాడే వంతెనల మీద నడుస్తుంటే కొమ్మల మీది తోటలు కళ్లకెదురుగా ఉంటాయి. గైడు భుజాన టెలిస్కోపు మోసుకొస్తాడు, అడవి అవకాడో కాసిన చెట్టు దగ్గర ఆగి క్వెట్జల్ పిట్ట కోసం కాచుకుంటాడు. ఇనుప తాడు మీద జారే ఆటలూ ఉన్నాయి, నాకవి నచ్చలేదు. ఆ వేగంలో అడవి మిగలదు.

అదే కొండల్లో మాత్రమే ఉండే బంగారు రంగు గోదురుకప్ప 1989 తరువాత ఎవరికీ కనిపించలేదు. ఇంత శ్రద్ధగా కాపాడుకున్న చోట కూడా అది అంతరించిపోయింది. మేఘం తీరు మారితే ఈ అడవుల్లోని ప్రాణులకు వెళ్లడానికి ఇంకా పైన చోటు ఉండదు.

కొత్తదారి, బెల్లందూరు

అందరికీ చాలా కృతజ్ఞతలు. కోటగిరికే వెళ్తున్నాం, జూలైలోనే. కుద్రేముఖ్ నేనూ మా ఆవిడా ఎప్పుడైనా విడిగా వెళ్తాం. దూరతీరం గారు కప్ప మాట ఎత్తారు కాబట్టి ఒక ప్రశ్న: మా పాపకు కప్పలంటే ప్రాణం. అక్కడ చూడగలదా?

పిట్టలబాట, మల్లేశ్వరం

తప్పకుండా, జూలై వాటి కాలమే. చీకటి పడగానే టిక్ టిక్ మని వినిపించేవి పొదకప్పలు, బొటనవేలి గోరంత ఉంటాయి. వాటి గుడ్ల నుంచి తోకకప్పలు రావు, నేరుగా బుల్లి కప్పలే బయటికి వస్తాయి. ఈత కొట్టే దశ లేదు కాబట్టి చెరువు అక్కర్లేదు, తడి ఆకులు చాలు. రాత్రిపూట కప్పల్ని చూడడానికి అడవిలోకి వెళ్లనే వద్దు. మీ బస ఆవరణలోని కంచె మొక్కల దగ్గర, యజమానిని అడిగి, మీరు పక్కన ఉండి చూపించండి. టార్చి వెలుగు నేల మీద వేయాలి, కొమ్మ పట్టుకునే ముందు చూసుకోవాలి, పిట్ వైపర్ అనే ఆకుపచ్చటి విషసర్పాలు కొమ్మలకు చుట్టుకుని ఉంటాయి. పాప కప్పను ముట్టుకోకుండా చూడండి. చేతికి రాసుకున్న దోమల మందు ఆ పల్చటి చర్మానికి పడదు. ఫోనులో వాటి అరుపు రికార్డు చేసి ఇక్కడ పెడితే ఏ కప్పో చెప్పడానికి ప్రయత్నిస్తాను.