కందులు మన ఊరివి, పప్పు మాత్రం బయటి ప్యాకెట్: చిన్న మిల్లు పెట్టడంపై సలహా కావాలి

పొదిలి రైతుబిడ్డ (ప్రశ్న):
మాది పొదిలికి దగ్గరలోని మెట్ట గ్రామం. సంక్రాంతి దాటేసరికి మా కందులు బస్తాల్లో లారీ ఎక్కి వెళ్ళిపోతాయి, ఉగాది నాటికి మేమే కందిపప్పు ప్యాకెట్లు కొనుక్కుంటాము. మా అమ్మ చిన్నతనంలో కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, తిరగలిలో విసిరి ఇంటికి ఏడాదికి సరిపడా పప్పు చేసుకునేవారట. ఆ తిరగలి ఇంకా మా వసారాలోనే ఉంది, దాని మీద నీళ్ళ బిందె పెడుతున్నాము.

ఊళ్ళో ఒక చిన్న పప్పు మిల్లు పెట్టాలని ఉంది. రైతుకు న్యాయమైన ధర, పప్పు చెరిగే ఆడవాళ్ళకు తగిన కూలి, వచ్చిన డబ్బు మా మండలంలోనే తిరగడం నాకు ముఖ్యం. నా సొంత పేరున పెట్టాలా, రైతులందరం కలిసి కంపెనీగా నమోదు చేసుకోవాలా? పెద్ద సంస్థల సామాజిక బాధ్యత నిధులను నమ్ముకోవచ్చా?

కనిగిరి, విశ్రాంత సహకార ఉద్యోగి:
తమ్ముడూ, చివరి ప్రశ్నతో మొదలుపెడతాను. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి 5 కోట్ల నికర లాభం, లేదా 1000 కోట్ల టర్నోవరు, లేదా 500 కోట్ల నికర విలువ ఉన్న సంస్థలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. ఆ డబ్బు జీవనోపాధి శిక్షణ వంటి వాటికి వస్తుంది గాని, మీరు జనవరిలో కందులు కొనడానికి చాలదు, అందదు. మీ మిల్లు బాధ్యత లాభం మిగిలాక చేసే దానంలో కాక, కొనుగోలు రోజున కాటా దగ్గరే కనిపించాలి.

2025-26కు కందుల మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ ధరకు కొన్న క్వింటాలు నుంచి 68 కిలోల పప్పు వస్తే, కూలీ, కరెంటు, సంచి, రవాణా ఏవీ కలపకముందే కిలో పప్పుకు కందుల ఖర్చే 117 రూపాయలు దాటుతుంది. వంద క్వింటాళ్ళు కొంటే ఎనిమిది లక్షలు నెలల తరబడి ఇరుక్కుపోతాయి. చిన్న మిల్లులు దెబ్బతినేది యంత్రం వల్ల కాదు, ఈ పెట్టుబడి దగ్గరే. అందుకని మొదటి ఏడాది రైతు తెచ్చిన కందులను కిరాయికి ఆడించి ఇవ్వండి. తిండికి కావలసింది వాళ్ళు తీసుకెళ్ళాక, మిగిలింది అమ్ముతామన్న వాళ్ళ దగ్గరే కొనండి.

రూపం విషయానికి వస్తే, 10 మంది రైతులు కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. అందులో వాటా ఎంత ఉన్నా మనిషికి ఒకటే ఓటు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ప్రభుత్వ వాటా లేని సంఘం పెట్టడం మరో దారి. యంత్రానికి 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పథకం కింద బ్యాంకు రుణంతో ముడిపడిన 35 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 10 లక్షలు ఉంది. ఆ డబ్బు కోసమే యంత్రాన్ని అవసరానికి మించి పెద్దది కొనవద్దని నా మనవి.

ఆత్మకూరు, పొదుపు సంఘం సభ్యురాలు:
మా నెల్లూరు జిల్లాలో 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదికి వెళ్ళినప్పుడు మా అత్తగారిది నడివయసు. సారా పోయాక మిగిలిన డబ్బు ఏమవుతుందని అనుకుంటుండగా, రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపు వచ్చింది. చిన్న మొత్తమే అయినా ఊళ్ళోనే అప్పుగా తిరగడం మొదలైంది.

మా సంఘం ఒకసారి విడిపోయే దాకా వచ్చింది. ఒకరే లెక్క పుస్తకం ఇంటికి తీసుకెళ్ళడం, నెల గడిచాక ఏదో ఒక అంకె చెప్పడం, ఎవరూ అడగకపోవడమే కారణం. ఇప్పుడు ప్రతి సమావేశంలో మొదట పుస్తకం పైకి చదువుతాము, చదవడం రాని వాళ్ళు కూడా తమ పేరు దగ్గరి మొత్తం వింటారు. మీ మిల్లులో కూడా ఆ రోజు ఎన్ని బస్తాలు కొన్నారో, ఏ ధరకో, ఎవరికి ఎంత బాకీ ఉందో గోడ మీద పలకపై రాయండి. చెరిగే వాళ్ళకు కిలో లెక్కన ఇస్తే దుమ్ము పప్పులోనే ఉండిపోతుంది, కనుక రోజు కూలి ఇవ్వండి.

దర్శి, చిన్న మిల్లు యజమాని:
పెద్దాయన మాటల్లో ఒకటి నేను ఒప్పుకోలేను. కంపెనీ నమోదు, ఏటా ఆడిట్, నివేదికలు చిన్న మిల్లుకు భారమే. రెండేళ్ళు మీ పేరున నడిపి, ఖాతాదారులైన రైతులు మిమ్మల్ని నమ్మాక వాళ్ళను భాగస్వాములను చేయండి. కందులను అలాగే నిలవ ఉంచితే పుచ్చు పురుగు పడుతుంది, పప్పు చేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది, కనుక త్వరగా ఆడించడమే మేలు. పొట్టు, నూక మాటకొస్తే, గేదెలున్న ఇళ్ళవాళ్ళు మిల్లు దగ్గరికే వచ్చి కొంటారు. కరెంటు బిల్లులో చాలా భాగం దానితోనే తీరుతుంది.

పొదిలి రైతుబిడ్డ:
అందరికీ కృతజ్ఞతలు. ఈ సీజనుకు కందులు కిరాయికి ఆడించి ఇవ్వడం మాత్రమే మొదలుపెడతాను. మా అమ్మకు ఈ చర్చంతా చదివి వినిపించాను; గోడ మీద పలక సంగతి విని, పెద్ద అక్షరాలతో రాయమన్నారు.