గిన్నెలు తిప్పడానికి ఎం2 గౌజ్ చాలా, పౌడర్ స్టీల్ కొనాలా?

బెజవాడ_లేత్:
అన్నలూ ఈ గొడవ తేల్చండి. రేకుల షెడ్డులో చిన్న లేత్ పెట్టుకుని రెండేళ్ళుగా చపాతీ కర్రలు, బొంగరాలు చేస్తున్నా, ఈ మధ్యే గిన్నెలు మొదలెట్టా. ఉన్నదల్లా ఆటోనగర్‌లో కమాను పట్టా ముక్కతో కొట్టించిన గౌజ్ (వంపు అంచు ఉలి). వేపకి బానే ఉంది గానీ తుమ్మ మొద్దు ఎక్కిస్తే నాలుగు నిమిషాలకే పొట్టు ఆగిపోయి పొడి రాలుద్ది. సార్బీ కంపెనీ ఎం2 (మామూలు హెచ్‌ఎస్‌ఎస్, అంటే హై స్పీడ్ స్టీల్) తీసుకోనా, థాంప్సన్ కంపెనీ 10వి లాంటి పౌడర్ స్టీల్‌కే (లోహపు పొడిని అదిమి చేసేది) ఒకేసారి పెట్టేయనా?

గుంటూరు_బాబాయ్:
ముందు ఆ పట్టా గౌజ్‌తో గిన్నెలు ఆపు తమ్ముడూ. నాదీ అలాంటిదే, ఓసారి చెక్కలో పట్టేసి పిడి దగ్గర సన్నటి తోక పుటుక్కున విరిగింది, మొహానికి షీల్డు ఉంది కాబట్టి ఇవాళ టైపు చేస్తున్నా. గిన్నెల గౌజ్ అంటే గుండ్రటి కడ్డీలో గాడి తీసింది ఉండాలి. ఎం2 చాలు.

మంగళగిరి_పొట్టు:
చాలదు బాబాయ్. టేకులో సిలికా ఉంటది, అంచుని ఇసక్కాయితంలా తినేస్తది. ఎం2లో వెనేడియం 2 శాతం, 10విలో 10 శాతం దాకా, దానితో ఏర్పడే కార్బైడ్ల (బాగా గట్టి రేణువులు) వల్లే అంచు నిలబడేది. ఒకే టేకు గిన్నెకి ఎం2తో నాలుగుసార్లు సాన దగ్గరికి పోయా, పౌడర్‌తో ఒక్కసారి.

గుంటూరు_బాబాయ్:
మరి నీ దగ్గర సీబీఎన్ రాయి (దాదాపు వజ్రమంత గట్టి పూత ఉన్న సాన చక్రం) ఉంది, అది చెప్పవే? వీడి దగ్గర ఉన్నది గ్రైండర్‌తో వచ్చిన బూడిదరంగు రాయే అయ్యుంటది, దాని మీద 10వి పట్టుకుంటే రాయి అరుగుద్ది గానీ గౌజ్ అరగదు. ఎం2కి తెల్ల సానరాయి, ఒక జిగ్ (గౌజ్‌ని ఒకే కోణంలో పట్టి ఉంచేది) చాలు.

కృష్ణలంక_కుర్రోడు:
మన కొండపల్లి వాళ్ళు ఏ పౌడర్ స్టీల్ వాడారండీ, ఇన్ని తరాలు చెయ్యట్లా?

మంగళగిరి_పొట్టు:
కొండపల్లిది తెల్ల పొణికి బ్రదర్, చేత్తో చెక్కుతారు, లేత్ కాదు. నువ్వు అనుకునేది ఏటికొప్పాక, అక్కడ లేత్ మీద అంకుడు కర్ర, అదీ మెత్తనిదే. తుమ్మకి పోలిక పెట్టకు.

బెజవాడ_లేత్:
రాయి సంగతి కరెక్టే బాబాయ్, బూడిదదే. సాన పట్టేటప్పుడు ముక్కు నీలంగా మాడుద్ది, ముంచడానికి పక్కన నీళ్ళ డబ్బా ఉంది.

గుంటూరు_బాబాయ్:
కమాను పట్టాకి నీలం వచ్చిందంటే ఆ మేర గట్టిదనం పోయినట్టే, అంతవరకూ అరగదీసి పారెయ్యాల్సిందే, తుమ్మకి నిలబడకపోవడానికి సగం కారణం అదేనేమో. హెచ్‌ఎస్‌ఎస్‌కి ఆ భయం లేదు, 500 డిగ్రీల దాకా తట్టుకుంటది. కానీ దాన్ని కాలుతుండగా నీళ్ళల్లో ముంచకు, అంచున కంటికి కనపడని పగుళ్ళు వస్తాయ్, గాలికే చల్లారనీ. ఇంకోటి, షెఫీల్డ్ వాళ్ళు (సార్బీ లాంటి ఇంగ్లండ్ కంపెనీలు) అర అంగుళం అంటే గాడి కొలత, కడ్డీ 5/8 ఉంటది. అమెరికా వాళ్ళు కడ్డీనే కొలుస్తారు. రేట్లు పోల్చేముందు అది చూసుకో, నేను బోల్తా పడ్డా.

బెజవాడ_లేత్:
సరే, షెఫీల్డ్ లెక్కలో 3/8 ఎం2 ఒకటి, తెల్ల రాయి ఒకటి. పౌడర్ తర్వాత చూద్దాం.

మంగళగిరి_పొట్టు:
తీస్కో. టేకు మొద్దు దొరికిన రోజు ఫోన్ చెయ్యి, నాది పట్టుకొస్తా, రెండూ ఒకే గిన్నె మీద తిప్పుదాం. బాబాయ్‌ని కూడా పిలువు.